కుడి ఎడమల కొలతలో అచ్చంపేట: రాజకీయ ప్రశ్నావళుల చరిత్ర – ప్రాంతీయ పరిశీలన

వ్యాససంగ్రహం:
వ్యక్తుల రాజకీయ అభిప్రాయాలను కొన్ని వాక్యాలతో పరీక్షించి, పటం మీద ఒక బిందువుగా చూపే ఆన్‌లైన్ ప్రశ్నావళులు ఇరవై ఏళ్లకు పైగా ప్రచారంలో ఉన్నాయి. వీటి వెనుక 20వ శతాబ్దపు మనోవిజ్ఞాన పరిశోధన, అమెరికా, ఐరోపాల ఎన్నికల అనుభవం ఉన్నాయి. ఈ కొలమానాలు రూపొందిన క్రమాన్ని వివరించి, వాటిని దక్షిణ తెలంగాణలోని అచ్చంపేట ప్రాంత రాజకీయ చరిత్రతో పోల్చి చూడటం ఈ వ్యాస ఉద్దేశం. ఆంధ్రమహాసభ చీలిక, ప్రత్యేక రాష్ట్ర వాదం, నల్లమల యురేనియం వివాదం, ఎస్సీ వర్గీకరణ అనే నాలుగు సందర్భాలు ఇక్కడ ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: రాజకీయ ప్రశ్నావళి, వామపక్షం, మితవాదం, ఆంధ్రమహాసభ, అచ్చంపేట, నల్లమల, వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం:

2001లో బ్రిటన్ నుంచి వెలువడిన ‘పొలిటికల్ కంపాస్’ అనే ప్రశ్నావళి ఈ కోవకు చెందినవాటిలో బాగా పేరుపొందింది. అందులో 62 ప్రతిపాదనలు ఉంటాయి. ఒక్కొక్క ప్రతిపాదనకు ‘గట్టిగా అంగీకరిస్తాను’ మొదలుకొని ‘గట్టిగా వ్యతిరేకిస్తాను’ వరకు నాలుగు జవాబులే ఉంటాయి. తటస్థంగా ఉండే వీలు లేదు. చివరకు నాలుగు గడుల పటం మీద ఒక చుక్క కనిపిస్తుంది. అడ్డగీత ఆర్థిక విధానాన్ని, నిలువుగీత సామాజిక విషయాలలో అధికారం, స్వేచ్ఛల పట్ల వైఖరిని సూచిస్తాయి. 2017లో వచ్చిన ‘ఎయిట్ వాల్యూస్’ 70 ప్రశ్నలతో ఇదే పనిని నాలుగు అక్షాల మీద చేసింది. తమ చుక్క ఎక్కడ పడిందో చూసుకోవడం, మిత్రుల చుక్కలతో పోల్చుకోవడం, వాటి మధ్య దూరాన్ని బట్టి ఒకరినొకరు అంచనా వేసుకోవడం చదువుకున్న యువతలో ఒక అలవాటుగా మారింది.

ఈ పోలికలో ఒక ఊహ దాగి ఉంది. రెండు చుక్కలు దగ్గరగా పడితే ఆ ఇద్దరి రాజకీయాలు దగ్గరివని, దూరంగా పడితే దూరమని ఆ ఊహ. పటం గీసిన సమాజంలో అది కొంతవరకు నిజం కావచ్చు. అయితే పటం ఒకచోట పుట్టి, జవాబు చెప్పేవారు మరొకచోట ఉన్నప్పుడు ఆ దూరం దేనికి కొలత అవుతుందన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి అచ్చంపేట అనువైన ప్రాంతం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన ఈ పట్టణం 2016 అక్టోబరు 11న ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. దక్షిణాన నల్లమల అడవి, అమ్రాబాద్ పీఠభూమి, తూర్పున దిండి వాగు, ఆవలి ఒడ్డున నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం దీని సరిహద్దులు. మెట్ట సేద్యం, కరువు, నిర్మాణ పనులకు వలస, చెంచు గూడేలు, షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన శాసనసభ స్థానం, దశాబ్దాల సాయుధ విప్లవ రాజకీయాల నీడ, ఇవన్నీ ఒకేచోట కలిసి ఉన్న ప్రాంతమిది.

2. కొలమానాల పుట్టుక:

‘కుడి’, ‘ఎడమ’ అనే రాజకీయ సంకేతాలు 1789లో ఫ్రెంచి జాతీయసభలో కూర్చున్న చోటును బట్టి వచ్చాయి. రాజుకు నిరాకరణాధికారం ఉండాలా వద్దా అనే చర్చలో రాజు పక్షం వహించినవారు అధ్యక్షుడికి కుడివైపున, కాదన్నవారు ఎడమవైపున చేరారు. ఆనాటికి ఇది ఒక్క ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులు మాత్రమే. తరువాతి శతాబ్దంలో ఆ రెండు దిక్కులకు ఆస్తి, మతం, కార్మిక హక్కులు వంటి అనేక విషయాలు వచ్చి చేరాయి.

అభిప్రాయాన్ని అంకెలలోకి మార్చవచ్చుననే వాదాన్ని 1928లో అమెరికన్ మనోవిజ్ఞాని థర్‌స్టన్ ముందుకు తెచ్చాడు. 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించిన అంగీకార–వ్యతిరేక శ్రేణి నేటికీ ప్రతి సర్వేలో కనిపిస్తుంది. యుద్ధం, మరణశిక్ష, కమ్యూనిజం, సెన్సారు, కుటుంబ నియంత్రణ వంటి అంశాల మీద వైఖరులను కొలిచిన ఫెర్గూసన్ 1939లో ఒక్క గీత చాలదని, కనీసం రెండు అక్షాలు అవసరమని గణితపరంగా చూపాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ ప్రయత్నానికి మరో అవసరం ఏర్పడింది. ఫాసిజానికి లొంగే మనస్తత్వం ఎలాంటిదన్నది అప్పటి ప్రశ్న. అడోర్నో బృందం 1950లో ప్రకటించిన ‘ఎఫ్ స్కేల్’ అందుకోసం తయారైంది. ఆ ప్రశ్నావళిలోని వాక్యాలన్నింటినీ ‘ఔను’ అంటేనే నిరంకుశ స్వభావం తేలేలా రాశారు. దానివల్ల నిరంకుశ స్వభావం ఉన్నవారినీ, ఏ వాక్యానికైనా తలూపేవారినీ వేరుచేయడం కుదరలేదు. ఈ లోపం అప్పట్లోనే తీవ్ర విమర్శకు గురైంది.

1954లో హాన్స్ ఐసెంక్ ‘ది సైకాలజీ ఆఫ్ పాలిటిక్స్’ గ్రంథంలో ప్రతిపాదించిన పటం నేటి ఆన్‌లైన్ పటాలకు దగ్గరి పూర్వరూపం. ఒక అక్షం మీద సంప్రదాయవాదం, మౌలిక మార్పువాదం, రెండవ అక్షం మీద మృదుచిత్తం, కఠినచిత్తం ఉంటాయి. కమ్యూనిస్టులు, ఫాసిస్టులు మొదటి అక్షం మీద ఎదురెదురుగా ఉన్నా రెండవ అక్షం మీద ఒకేవైపు ఉంటారని ఆయన వాదించాడు. 1956లో రొకీచ్, హాన్లీ, క్రిస్టీ వంటివారు ఆయన లెక్కలను ప్రశ్నించారు. లెక్కల తగవు ఎలా తేలినా పటం ఆకారం మాత్రం నిలిచిపోయింది.

ఆ ఆకారాన్ని విశ్వవిద్యాలయం నుంచి వీధిలోకి తెచ్చింది ప్రచారకర్తలే. అమెరికాలో లిబర్టేరియన్ పార్టీ వ్యవస్థాపకులలో ఒకరైన డేవిడ్ నోలన్ వ్యక్తిగత స్వేచ్ఛ, ఆర్థిక స్వేచ్ఛ అనే రెండు అక్షాల పటాన్ని 1971లో ప్రచురించాడు. దాని ఆధారంగా 1985లో మార్షల్ ఫ్రిట్జ్ పది ప్రశ్నల చిన్న కార్డును తయారుచేశాడు. కుడి ఎడమలు రెండింటికీ చెందని తమ పార్టీకి పటంలో గౌరవప్రదమైన మూల ఒకటి చూపడం ఆ కార్డు లక్ష్యం. ప్రశ్నావళి రాసినవారి చిరునామా ప్రశ్నావళిలోనే ఉంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఐరోపా దారి వేరు. నెదర్లాండ్స్‌లో 1989లో పాఠశాల విద్యార్థుల కోసం పుస్తక రూపంలో మొదలైన ‘స్టెమ్‌వైజర్’ 1998లో అంతర్జాలానికి మారింది. జర్మనీలో 2002 నుంచి ‘వాల్–ఓ–మాట్’ ఉంది. ఇవి జవాబుదారు మనస్తత్వాన్ని కొలవవు. ఆ ఎన్నికలో పోటీచేస్తున్న పార్టీలు ఇవే వాక్యాలకు ఇచ్చిన అధికారిక జవాబులతో ఓటరు జవాబులను పోల్చి చూపుతాయి. పార్టీ తన వైఖరిని ముందుగా రాతపూర్వకంగా ప్రకటించడం అక్కడ తప్పనిసరి అవుతుంది. వైఖరులు సులభంగా మారే చోట ఈ పద్ధతి ఎంతవరకు నిలుస్తుందో వేరే చర్చ.

3. పేర్ల చిక్కు:

ఇలాంటి ప్రశ్నావళిని తెలుగులోకి మార్చబోతే మొదట అడ్డుపడేవి అక్షాల పేర్లే. ‘లెఫ్ట్’కు ‘వామపక్షం’ అనే మాట స్థిరపడింది. ‘రైట్’కు దానికి జోడుగా ఉండవలసిన ‘దక్షిణపక్షం’ వాడుకలో నిలవలేదు. దాని స్థానంలో పత్రికలు ‘మితవాదం’ అనే మాటను వాడుతున్నాయి. ఆ మాటకు వేరే చరిత్ర ఉంది. 1907 సూరత్ కాంగ్రెసులో గోఖలే పక్షం, తిలక్ పక్షం విడిపోయినప్పుడు ‘మోడరేటు’లకు మితవాదులని, ‘ఎక్స్‌ట్రీమిస్టు’లకు అతివాదులని పేర్లు వచ్చాయి. వలస పాలనతో విన్నపాల ద్వారా వ్యవహరించాలా, బహిష్కరణ ద్వారానా అన్న విషయంలోనే అక్కడ తేడా ఉంది. ఆస్తి, మార్కెట్టు ఆ విభజనకు ఆధారాలు కావు.

పోరాట పద్ధతిని తెలిపే ఈ మాట క్రమంగా భావజాలాన్ని తెలిపే మాటగా మారింది. ఫలితంగా విదేశీ వార్తలలో ‘తీవ్ర మితవాద పార్టీ’ అనే ప్రయోగం నేడు నిస్సంకోచంగా కనిపిస్తుంది. తీవ్రతా మితమూ ఒకే సమాసంలో ఎలా ఇముడుతాయని అడిగేవారు తక్కువ. తమను తాము మితంగా ఆలోచించేవారిగా భావించుకునే సామాన్యులు ఎంతమందైనా ఉంటారు. ‘మీరు మితవాదులా?’ అని తెలుగులో అడిగితే వారు ఔనంటారు. పటం మాత్రం వారిని కుడి అంచుకు చేరుస్తుంది.

నిలువు అక్షానికీ ఇదే ఇబ్బంది. ‘అథారిటేరియన్’కు నిఘంటువు ఇచ్చే ‘నిరంకుశ’ అనే మాట తెలంగాణలో తటస్థ పదం కాదు. అది నిజాం పాలనను, దేశ్‌ముఖుల వెట్టిని గుర్తుచేసే మాట. ఆ పేరున్న వైపు తనను నిలుపుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. అదే మనిషి పిల్లల పెంపకం, వివాహం, శిక్షలు వంటి విషయాలలో ఆ అక్షం ‘నిరంకుశం’గా లెక్కించే జవాబులే ఇవ్వవచ్చు.

4. దిండి వాగుకు ఇరువైపులా:

అచ్చంపేట ప్రాంతానికి రాజకీయ భేదాలు అంతర్జాలంతో పరిచయం కాలేదు. నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో జోగిపేటలో పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. రెండవది 1931లో దిండి ఆవలి దేవరకొండలో అదే పాలమూరు జిల్లా వాసి బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, ఐదవది 1936లో షాద్‌నగర్‌లో కొండా వెంకటరంగారెడ్డి అధ్యక్షతన జరిగాయి. ఈ సభలలో గ్రంథాలయాలు, మాతృభాషలో విద్య, వెట్టిచాకిరి నిర్మూలన, సంఘ సంస్కరణ ఒకే వేదిక మీద చర్చకు వచ్చాయి. భూస్వామి కుటుంబాల నుంచి వచ్చిన న్యాయవాదులు, మున్ముందు కమ్యూనిస్టులు కాబోయే యువకులు ఆ తీర్మానాలకు కలిసి చేతులెత్తారు. 1941లో నల్లగొండ జిల్లా చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు కావడంతో సంస్థ స్వభావం మారసాగింది. 1944లో భువనగిరిలో ఆయన అధ్యక్షతనే జరిగిన పదకొండవ సభ నాటికి చీలిక పూర్తయింది. మితవాదులు విడిగా సభలు నడుపుకున్నారు.

చీలిక తరువాతి చరిత్రను నాలుగు గడుల పటంలో పెట్టబోతే ఆశ్చర్యకరమైన విషయాలు ఎదురవుతాయి. 1950 జనవరిలో ఏర్పడిన వెల్లోడి మంత్రివర్గంలో బూర్గుల రెవెన్యూ మంత్రి. చరిత్ర గ్రంథాలు ఆయనను మితవాది అంటాయి. హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది ఆ ఏడే. సాగుచేస్తున్న రైతుకు రక్షిత కౌలుదారు హోదా కల్పించి, భూస్వామి హక్కును పరిమితం చేసిన చట్టమది. దాని వెనుక సాయుధ పోరాటపు ఒత్తిడి ఉన్న మాట నిజమే. అయినా ఆ చట్టాన్ని మాత్రమే చూసి చుక్క పెట్టమంటే అది పటంలో ఎడమవైపే పడుతుంది. మితవాదమనే పేరు ఆయన మార్గాన్ని చెప్పింది, భూమి విషయంలో ఆయన చేసిన పనిని చెప్పలేదు.

1952 ఎన్నికలు ఈ ప్రాంత ప్రజలు తమ రాజకీయ అభిప్రాయాన్ని తొలిసారి వయోజన ఓటు ద్వారా నమోదు చేసిన సందర్భం. ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు అంటించిన పెట్టె వేరుగా ఉండేది. ఓటరు కాగితం మీద ఏమీ రాయనక్కరలేదు, తనకు నచ్చిన పెట్టెలో దానిని వేస్తే చాలు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున ఆ పక్షం వారు ప్రజాస్వామ్య వేదిక పేరుతో పోటీచేశారు. దిండికి తూర్పున నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. పడమటి వైపు పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. వాగుకు ఇరువైపులా ఉన్నది దాదాపు ఒకే తరహా మెట్ట నేల, ఒకే తరహా పేదరికం. ఒక ఒడ్డున పోరాట సంఘాలు ఊరూరా వేళ్లూనాయి. మరో జిల్లాలో గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాల పాలనా వ్యవస్థ పెద్ద భాగాన్ని ఆక్రమించింది. ఓటు ఎటు పడిందనే విషయంలో వ్యక్తి అంతరంగం కంటే ఊరికి ఏ సంఘం చేరిందన్నదే ఎక్కువ పనిచేసిందని అనుకోవడానికి ఈ పోలిక ఆధారమిస్తుంది. ఒంటరిగా తెర ముందు కూర్చున్న వ్యక్తిని అడిగే ప్రశ్నావళిలో సంఘానికి గడి లేదు.

5. జవాబు చెప్పే తీరు:

అంగీకారాన్ని అడిగే ప్రశ్నకు అంగీకారమే జవాబుగా వచ్చే ధోరణి ‘ఎఫ్ స్కేల్’ కాలం నుంచి తెలిసిందే. అధికారి, ఉపాధ్యాయుడు, బయటినుంచి వచ్చిన చదువరి అడిగినప్పుడు ‘మీరెట్లంటే అట్లనే సారూ’ అనే జవాబు పల్లెలో పనిచేసిన ప్రతి క్షేత్ర పరిశోధకుడికీ పరిచితం. అది అభిప్రాయం లేకపోవడం కాదు. అడిగినవారి ముందు అభిప్రాయాన్ని దాచుకునే మర్యాద, కొన్నిసార్లు జాగ్రత్త. ఒకవైపు పోలీసులు, మరోవైపు దళాలు తిరిగిన అటవీ గ్రామాలలో ‘మీరు ఎవరి పక్షం?’ అనే ప్రశ్న చాలాకాలం ప్రాణానికి సంబంధించినది. 2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు ప్రభుత్వంతో చర్చలకు బయటికి వచ్చింది నల్లమల నుంచే. ఆ చర్చలు విఫలమైన తరువాతి ఏళ్లలో ఈ ప్రశ్న మరింత బరువెక్కింది.

అమెరికన్ పరిశోధకుడు ఫిలిప్ కాన్వర్స్ 1964లో చూపిన విషయం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1956 అమెరికా ఎన్నికల సర్వేలో భావజాల దృష్టితో పార్టీలను గురించి మాట్లాడినవారు రెండున్నర శాతమే. మిగిలినవారిలో అధికులు తమ వర్గానికి ఏ పార్టీ మేలు చేస్తుందనో, కాలం బాగుందా లేదా అనో ఆలోచించారు. అందువల్ల పటం మీది చుక్క అమెరికాలో కూడా అందరికీ సరిపడే కొలత కాదు. పాలమూరు వాసులకు భావజాలం తెలియదని దీనిని వాడుకోవడం పొరపాటు.

తటస్థ జవాబుకు చోటివ్వని నియమాన్ని కూడా పరిశీలించాలి. భారత ఓటరుకు 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ‘పైవారెవరూ కాదు’ అనే మీట లభించింది. ‘నోటా’ నేడు తెలుగు మాటే అయిపోయింది. ఎన్నికల యంత్రం ఒప్పుకున్న తిరస్కారాన్ని ప్రశ్నావళి ఒప్పుకోకపోవడం విచిత్రమే.

ఆన్‌లైన్ ప్రశ్నావళికి జవాబిచ్చేవారు తమంతట తాము వచ్చినవారు. సమాజంలోని ఎవరికి వారు ప్రతినిధులో తెలియదు. 1963లో రజనీ కొఠారి స్థాపించిన సి.ఎస్.డి.ఎస్., దాని అనుబంధమైన లోక్‌నీతి జరిపే ఎన్నికల సర్వేల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఓటర్ల జాబితా నుంచి పేర్లు ఎంపికచేసి, ఇంటికి వెళ్లి, వారి భాషలో అడుగుతారు. అచ్చంపేట వంటి చోట ఆన్‌లైన్ చుక్కలను పోగుచేసి ‘ప్రాంత అభిప్రాయం’ అని పిలవడానికి పరిశోధనా విలువ లేదు.

6. నల్లమల ప్రశ్న:

2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. ‘సేవ్ నల్లమల’ నినాదంతో ఆందోళన రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆ ఏడు సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఏ గడికి చెందిన పార్టీ అయినా ఆ రోజు ఒకే జవాబు ఇచ్చింది.

‘నల్లమలలో యురేనియం తవ్వకాన్ని వ్యతిరేకిస్తాను’ అనే ఒక్క వాక్యాన్ని ప్రశ్నావళిలో చేర్చామనుకుందాం. హైదరాబాదులోని పర్యావరణవాది, అమ్రాబాద్ రైతు, గూడెంలోని చెంచు, అటవీ అధికారి నలుగురూ ‘గట్టిగా అంగీకరిస్తాను’ అనవచ్చు. వారి కారణాలు ఒకటి కావు. పర్యావరణవాది అడవికోసం, పులికోసం మాట్లాడుతున్నారు. రైతు భయం బోర్ల నీళ్ల గురించి, కృష్ణ నీటి గురించి. అధికారి దృష్టిలో అభయారణ్యం చట్టరక్షితం. చెంచుల లెక్క ఇంకా వెనకటిది. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవులు 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా, 1983లో పులుల అభయారణ్యంగా మారాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ అభయారణ్యమైంది. తేనె, గడ్డలు, సలేశ్వరం జాతర దారి, పూర్వికుల స్థలాలు ఉన్న అడవిలో చెంచులకు ప్రవేశ నియమాలు, తరలింపు ప్రతిపాదనలు ఎదురయ్యాయి. హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద గ్రంథం ప్రచురించే నాటికే వారి అడవి హక్కు పరిపాలనా సమస్య. గని వచ్చినా గూడెం కదలాలి, పులి పేరు చెప్పినా గూడెం కదలాలి.

కనుక చెంచుల జవాబు పర్యావరణవాది జవాబుతో ఒక వాక్యం దగ్గర కలిసి, తరువాతి వాక్యం దగ్గర విడిపోతుంది. అడవిని ప్రభుత్వం కాపాడాలా అని అడిగితే ఒకరు ఔనంటారు, మరొకరు ఏ ప్రభుత్వమని అడుగుతారు. పటం అడ్డగీత ప్రభుత్వాన్ని ఒక చివర, మార్కెట్టును మరో చివర నిలుపుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2006 అటవీహక్కుల చట్టం రెండూ ప్రభుత్వం చేసినవే. ఒకటి గూడేన్ని బయటికి నెట్టడానికి సాధనమైతే మరొకటి లోపల నిలబెట్టడానికి సాధనం. ప్రభుత్వ జోక్యం ఎక్కువ కావాలా తక్కువ కావాలా అనే ప్రశ్నకు గూడెంలో అర్థం లేదు.

7. ఒకే గడిలోని ఇద్దరు:

ప్రత్యేక తెలంగాణ వాదం పటానికి అందని మరొక విషయం. సి.పి.ఐ., సి.పి.ఎం.ల కార్యకర్తలు ఇద్దరు అంతర్జాతీయ ప్రశ్నావళికి జవాబులిస్తే వారి చుక్కలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. 2009 డిసెంబరు నాటికి సి.పి.ఐ. ప్రత్యేక రాష్ట్రాన్ని సమర్థించింది. సి.పి.ఎం. భాషాప్రయుక్త రాష్ట్ర సూత్రానికే కట్టుబడి, విభజనను వ్యతిరేకించింది. పటంలో ఎదురు మూలన ఉండవలసిన బి.జె.పి. 1997 కాకినాడ తీర్మానం నాటినుంచి రెండు రాష్ట్రాల వైపు మొగ్గింది, 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లుకు మద్దతిచ్చింది. దశాబ్దాల పాటు ఈ ప్రాంత రాజకీయాలను నడిపిన ప్రశ్న మీద దగ్గరి చుక్కలు విడిపోయాయి, దూరపు చుక్కలు కలిశాయి.

శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరులో సమర్పించిన నివేదికను ఈ కోణంలో చదవడం ఉపయోగకరం. అది ఆరు మార్గాలను వరుసగా పెట్టి, రాజ్యాంగబద్ధ ప్రాంతీయ మండలితో కూడిన సమైక్య రాష్ట్రాన్ని మొదటి ఎంపికగా, హైదరాబాదు రాజధానిగా తెలంగాణ ఏర్పాటును రెండవ ఎంపికగా సూచించింది. ఉద్యమంలో ఉన్నవారికి ఆ ఆరింటిలో ఒక్కటే ప్రశ్న కనిపించింది. తమ ప్రశ్నకు తామే జవాబు చెప్పుకున్నవారికి బహుళ ఎంపికల పత్రం అవమానంగా తోస్తుంది.

అచ్చంపేటకు మరింత దగ్గరి విషయం ఎస్సీ వర్గీకరణ. 1994లో మాదిగ దండోరా ఉద్యమంతో మొదలైన ఈ డిమాండు 1997లో ప్రభుత్వ ఉత్తర్వుగా, 2000లో చట్టంగా రూపొందింది. 2004 నవంబరులో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి ఆధిక్యంతో ఆ తీర్పును తిరగరాసింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. రాష్ట్రంలోని 59 షెడ్యూల్డ్ కులాలను మూడు సమూహాలుగా చేసి, 15 శాతం కోటాను 1, 9, 5 శాతాలుగా పంచారు.

షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన ఈ నియోజకవర్గంలో ఒక మాదిగ యువకుడు, ఒక మాల యువకుడు ఒకే తరగతిలో చదివి, అంబేడ్కర్ జయంతి ఊరేగింపులో కలిసి నడిచి, ఒకే ప్రశ్నావళికి జవాబులిచ్చారనుకుందాం. భూమి, విద్య, పోలీసు, మతం, ప్రైవేటీకరణ, అన్నింటిలో వారి జవాబులు ఒకటే కావచ్చు. పటం వారిని కవలలుగా చూపుతుంది. వర్గీకరణ మీద మాత్రం ఇద్దరూ ఎదురెదురుగా నిలబడే అవకాశం ఎక్కువ. అది ఉద్యోగానికి, సీటుకు, బతుకుకు సంబంధించిన భేదం. పటం గీసినవారికి ఈ ప్రశ్న ఉన్నదనే తెలియదు.

8. భారతీయ అక్షాల ప్రయత్నం:

ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో ‘ఐడియాలజీ అండ్ ఐడెంటిటీ’ గ్రంథంలో ఈ కొరతను పూరించే ప్రయత్నం చేశారు. భారతదేశంలో భావజాలం లేదనే వాదాన్ని వారు తోసిపుచ్చారు. ఐరోపా కుడి ఎడమలకు బదులు రెండు అక్షాలు సూచించారు. సామాజిక ఆచారాలలో, ఆస్తి పంపకంలో రాజ్యం ఎంతవరకు జోక్యం చేసుకోవాలన్నది ఒకటి. వెనుకబడిన, అల్పసంఖ్యాక సమూహాలకు రాజ్యం ప్రత్యేక గుర్తింపు, కోటాలు ఇవ్వాలా అన్నది రెండవది. ఇక్కడి చరిత్రకు ఇవి దగ్గరగా వస్తాయి. వెట్టి నుంచి వర్గీకరణ దాకా ఉన్న ప్రశ్నలలో చాలావాటికి ఈ పటంలో చోటు దొరుకుతుంది.

అయినా గుర్తింపు అక్షం మీద మాదిగ, మాల యువకులిద్దరూ ఒకే చివర నిలుస్తారు. కోటా ఉండాలా అనే ప్రశ్నకు ఇద్దరి జవాబూ ఒకటే, దానిని ఎలా పంచాలన్నదే వారి తగవు. రాజ్య జోక్యం అక్షం మీద చెంచుల చుక్కను నిలపడం కూడా అంతే కష్టం. జాతీయ స్థాయిలో పనికివచ్చే అక్షం నియోజకవర్గ స్థాయికి దిగేసరికి పలచబడుతుంది.

అచ్చంపేట శాసనసభ ఫలితాలు కూడా ఈ జాగ్రత్తనే కోరుతున్నాయి. 2009లో తెలుగుదేశం, 2014, 2018లలో తెలంగాణ రాష్ట్ర సమితి, 2023లో కాంగ్రెస్ ఇక్కడ గెలిచాయి. ఆర్థిక విధానంలో ఈ మూడు పార్టీల మధ్య పటానికి అందేంత దూరం లేదు. ఓటర్లు కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి జరిగారని ఈ ఫలితాలను చదివితే ప్రత్యేక రాష్ట్రం, నీళ్లు, వలస, అభ్యర్థి, కులం అన్నీ లెక్కనుంచి తప్పుకుంటాయి.

ప్రాంతానికి తగిన ప్రశ్నావళిని తయారుచేయదలచిన పరిశోధకులు ఒక్క వాక్యానికి బదులు జంట వాక్యాలను వాడవచ్చు. యురేనియం తవ్వకం వద్దనే వాక్యం వెంటనే, అభయారణ్యం లోపలి గూడేలను బయటికి తరలించాలనే వాక్యం రావాలి. రిజర్వేషన్లు కొనసాగాలనే వాక్యం వెంట వాటిని జనాభాను బట్టి విభజించాలనే వాక్యం రావాలి. తెలంగాణ ఏర్పాటు సమ్మతమేనా అన్న తరువాత, పాలమూరు నీళ్ల వాటా విషయంలో ఆ ఏర్పాటు ఆశించిన ఫలితమిచ్చిందా అని అడగాలి. ప్రతి జంటకూ ‘తెలియదు’, ‘చెప్పదలచుకోలేదు’ అనే జవాబులను వేరువేరుగా ఉంచాలి. మొదటి వాక్యం దగ్గర అమ్రాబాద్ రైతు, చెంచు, హైదరాబాదు పర్యావరణవాది ఒకే వరుసలో కనిపిస్తారు. రెండవ వాక్యం దగ్గర ఎవరెవరు ఏ వరుసలోకి మారారో, ఎవరు ‘చెప్పదలచుకోలేదు’ అన్నారో నమోదవుతుంది.